పాత బండి మైలేజ్ ఇవ్వట్లేదా? ఇంజన్ విప్పించే ముందు ఈ వరుసలో చెక్ చేసుకోండి

లీటరుకి 60 కిలోమీటర్లు ఇచ్చే బండి ఇప్పుడు 42 దగ్గరే ఆగిపోతోందా? షెడ్డుకి తీసుకెళ్తే "ఇంజన్ బోరుకొచ్చింది, విప్పాల్సిందే" అంటున్నారా? వేలకు వేలు పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. మైలేజ్ తగ్గిన ప్రతి బండికీ ఇంజన్ పోయినట్టు కాదు. టైర్లో గాలి తగ్గినా, వెనక బ్రేక్ పట్టేసినా, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా పెట్రోల్ ఎక్కువే తాగుతుంది. అసలు కారణం ఏంటో ఒక వరుసలో ఎలా పట్టుకోవాలో ఈ కథనంలో చూద్దాం.

ముఖ్యాంశాలు

- ముందు మైలేజ్‌ని సరిగ్గా కొలవండి. అంచనాతో రిపేర్ మొదలుపెట్టొద్దు.
- ఎంత శాతం తగ్గిందో తెలిస్తే కారణం సగం తెలిసినట్టే.
- ఈ20 పెట్రోల్ వల్ల కొంత తగ్గుతుంది. కానీ 60 నుంచి 42కి పడిపోయేంత తగ్గదు.
- గాలి, బ్రేక్, చైన్, చోక్, లీకేజీ... వీటిని చూసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు.
- ఇంజన్ విప్పడం అన్నిటికంటే చివరి మెట్టు. దానికి ముందు కంప్రెషన్ టెస్ట్ అడగండి.

నెలకి ఎంత పోతోంది?

ఒక లెక్క వేద్దాం. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం నుంచి విజయనగరం టౌన్‌కి సుమారు 12 కిలోమీటర్లు. పనికో, కాలేజీకో, షాపుకో రోజూ బండి మీద వెళ్లొచ్చే వాళ్లకి రానూపోనూ 24 కిలోమీటర్లు. నెలకి 26 రోజులంటే 624 కిలోమీటర్లు.

బండి లీటరుకి 60 ఇస్తే నెలకి 10.4 లీటర్లు సరిపోతుంది. అదే బండి 42 ఇస్తే దాదాపు 14.9 లీటర్లు కావాలి. అంటే నాలుగున్నర లీటర్లు అదనం. లీటరు 110 రూపాయలు అనుకుంటే నెలకి 490 రూపాయలు, ఏడాదికి దాదాపు 5,900 రూపాయలు పైపులోంచి పొగైపోతున్నట్టే. రోజు కూలీ మీద బతికే ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు. అందుకే కారణం తెలుసుకోవడం ఎంత ముఖ్యమో, అనవసరమైన రిపేరుకి డబ్బు పెట్టకపోవడమూ అంతే ముఖ్యం.

మొదటి మెట్టు: ఫుల్ ట్యాంక్ లెక్క

"వంద కొట్టిస్తే ఇంతకుముందు రెండు రోజులు వచ్చేది, ఇప్పుడు ఒకటిన్నర రోజే వస్తోంది". చాలామంది మైలేజ్‌ని ఇలాగే చెబుతారు. దీంతో ఏమీ తేలదు. పెట్రోల్ రేటు మారి ఉండొచ్చు, తిరిగిన దూరం మారి ఉండొచ్చు. రిజర్వ్ నుంచి రిజర్వ్‌కి కొలిచినా తేడా వస్తుంది. సరైన పద్ధతి ఇదీ...

1. బంకులో నాజిల్ దానంతట అదే కట్ అయ్యే వరకు ఫుల్ ట్యాంక్ కొట్టించండి. మూత దాకా నింపించొద్దు.
2. మీటర్ రీడింగ్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.
3. కనీసం 200 నుంచి 300 కిలోమీటర్లు మామూలుగా తిరగండి. మధ్యలో ఎన్నిసార్లు పెట్రోల్ పోయించినా లీటర్లు రాసుకోండి.
4. మళ్లీ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, నాజిల్ కట్ అయ్యే వరకు నింపించండి.
5. తిరిగిన కిలోమీటర్లని మొత్తం పోయించిన లీటర్లతో భాగించండి.

ఉదాహరణకి 300 కిలోమీటర్లు తిరిగాక 6.4 లీటర్లు పట్టిందంటే మైలేజ్ 46.9. ఇలా రెండు మూడు సార్లు కొలిస్తే వచ్చే సగటే మీ బండి అసలు మైలేజ్.

ఇంకో జాగ్రత్త. రామతీర్థంలో శివరాత్రి జాతర, ముక్కోటి ఏకాదశి లాంటి రోజుల్లో రోడ్డంతా జనంతో నిండి ఉంటుంది. ఫస్ట్, సెకండ్ గేర్లలోనే పాక్కుంటూ వెళ్లాలి. అలాంటి రోజుల్లో కొలిస్తే ఏ బండికైనా మైలేజ్ తక్కువే వస్తుంది. మామూలు రోజుల్లోనే కొలవండి.

కంపెనీ ప్రకటనలో చెప్పిన నంబర్‌తో కూడా పోల్చుకోవద్దు. అది ల్యాబ్‌లో రోలర్ల మీద, లెక్క ప్రకారం నడిపి తీసిన నంబర్. మీ బండి ఏడాది, రెండేళ్ల క్రితం ఇదే రోడ్డులో ఎంత ఇచ్చిందో దాంతోనే పోల్చాలి.

మీటర్ నిజం చెబుతోందా?

పాత బండ్లలో ఎక్కువమంది పట్టించుకోని విషయం ఇది. మీటర్ కేబుల్ అరిగినా, తెగి మధ్యమధ్యలో తిరుగుతున్నా బండి వెళ్లిన దూరం తక్కువగా నమోదవుతుంది. అప్పుడు మైలేజ్ బాగానే ఉన్నా కాగితం మీద పడిపోయినట్టు కనిపిస్తుంది.

చెక్ చేయడం చాలా ఈజీ. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని గానీ, రోడ్డు పక్కన కిలోమీటర్ రాళ్లు చూసుకుంటూ గానీ 10 కిలోమీటర్లు వెళ్లండి. మీటర్ 9.5 చూపిస్తే 5 శాతం తక్కువ చెబుతోందని అర్థం.

టైర్ మార్చినా చిన్న తేడా వస్తుంది. అరిగిన టైర్ చుట్టుకొలత తక్కువ కాబట్టి అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటర్ ఎక్కువ చూపిస్తుంది. కొత్త ముందు టైర్ వేయించాక మైలేజ్ ఒక శాతం తగ్గినట్టు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. అది లెక్కలో తేడానే. కంపెనీ సైజు కాకుండా వేరే సైజు టైర్ వేయిస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

ఎంత తగ్గిందో చూస్తే కారణం సగం తెలుస్తుంది

ప్రతి లోపానికీ ఒక స్థాయి ఉంటుంది. అది తెలిస్తే మెకానిక్ చెప్పేది నమ్మాలో వద్దో మనకే అర్థమవుతుంది.

5 శాతం లోపు తగ్గితే: టైర్లలో గాలి, ఈ20 పెట్రోల్, వాతావరణం, ట్రాఫిక్, తప్పు గ్రేడ్ ఇంజన్ ఆయిల్ లాంటి చిన్న కారణాలే అయి ఉండొచ్చు.

5 నుంచి 15 శాతం తగ్గితే: ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, బిగిసిన చైన్, టాపెట్ సెట్టింగ్, కార్బొరేటర్ ట్యూనింగ్. లేదా పైన చెప్పిన చిన్న కారణాలు రెండు మూడు కలిసి ఉండొచ్చు.

15 శాతం కంటే ఎక్కువ తగ్గితే: బ్రేక్ పట్టేయడం, క్లచ్ జారడం, పెట్రోల్ కారడం, చోక్ పూర్తిగా తెరుచుకోకపోవడం, కార్బొరేటర్‌లో జెట్ లేదా ఫ్లోట్ లోపం, కారయితే సెన్సర్ లోపం... వీటిలో ఏదో ఒకటి ఉందేమో ముందు చూడాలి. ఇవేవీ కాకపోతేనే ఇంజన్ లోపలి అరుగుదల.

ఇంకో క్లూ కూడా ఉంది. మైలేజ్ ఒక్కసారిగా పడిపోయిందా, మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చిందా? ఒక్కసారిగా పడిపోతే దానికి ముందు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. సర్వీసింగ్ చేయించారా? బ్రేక్ షూలు వేయించారా? చైన్ బిగించారా? వర్షంలో బండి నీళ్లలో తడిసిందా? ఇంజన్ అరుగుదల అయితే మెల్లగా, వేల కిలోమీటర్ల మీద కనిపిస్తుంది. రాత్రికి రాత్రి రాదు.

ఈ20 పెట్రోల్ వల్లేనా?

ఇప్పుడు ఏ బంకు దగ్గర చూసినా ఇదే చర్చ. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌ని కేంద్రం 2023 ఫిబ్రవరిలో ప్రారంభించింది. 2025 నాటికి దేశమంతటా ఇదే సాధారణ పెట్రోల్ అయిపోయింది. పాత బండ్ల కోసం ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలని వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది.

మైలేజ్ ఎందుకు తగ్గుతుందంటే... లీటరు పెట్రోల్‌లో ఉండే శక్తితో పోలిస్తే లీటరు ఇథనాల్‌లో దాదాపు మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది. 20 శాతం కలిపినప్పుడు, అసలు ఇథనాల్ లేని పెట్రోల్‌తో పోలిస్తే లీటరుకి 6 నుంచి 7 శాతం శక్తి తగ్గుతుంది. అంతకుముందు వాడిన ఈ10తో పోలిస్తే తేడా అందులో సగమే.

నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన ఇథనాల్ రోడ్‌మ్యాప్‌లో కూడా ఇదే స్థాయి అంకెలు ఉన్నాయి. ఇథనాల్ లేని పెట్రోల్ కోసం డిజైన్ చేసి ఈ10కి సర్దుబాటు చేసిన కార్లలో 6 నుంచి 7 శాతం, అలాంటి టూవీలర్లలో 3 నుంచి 4 శాతం, ఈ10 కోసం డిజైన్ చేసి ఈ20కి సర్దుబాటు చేసిన కార్లలో 1 నుంచి 2 శాతం మైలేజ్ తగ్గుతుందని అంచనా వేసింది.

ఇప్పుడు మన లెక్కకి వద్దాం. 60 నుంచి 4 శాతం తగ్గితే 57.6. 60 నుంచి 42 అంటే 30 శాతం తగ్గుదల. అంటే తగ్గిన 18 కిలోమీటర్లలో ఈ20 వాటా మహా అయితే రెండో మూడో. మిగతాది బండిలోనే ఎక్కడో ఉంది. "అంతా ఈ20 వల్లే" అని వదిలేస్తే అసలు లోపం దొరకదు.

అయితే పాత కార్బొరేటర్ బండ్లకి ఈ20తో ఇంకో సమస్య ఉంది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది. అందుకని అదే జెట్‌తో వెళ్లే మిశ్రమం కాస్త పలచబడుతుంది. పొద్దున్నే స్టార్టింగ్ ఇబ్బంది, ఆక్సిలరేటర్ తిప్పితే లాగకపోవడం కనిపిస్తాయి. పాత రబ్బరు పైపులు, సీళ్లు కూడా ఇథనాల్‌కి తట్టుకునే రకం కాకపోతే త్వరగా గట్టిపడి పగుళ్లిస్తాయి. లీకేజీ అక్కడే మొదలవుతుంది. పెట్రోల్ పైపు పాతదైతే మార్పించడం మంచిది.

రెండో మెట్టు: ఇంటి దగ్గరే చేసుకునే 5 చెకింగ్‌లు

1. టైర్లలో గాలి

బండి చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే బయల్దేరే ముందు లేదా దగ్గర్లోని పంక్చర్ షాపు దాకా నడిపి చూడాలి. ఎంత ఉండాలో మాన్యువల్‌లో, చాలా బండ్లకి చైన్ కవర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. చాలా 100 సీసీ బైక్‌లకి ఒక్కరే వెళ్తే ముందు 25, వెనక 28 పీఎస్‌ఐ చుట్టుపక్కల ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే వెనక టైర్‌కి ఇంకా ఎక్కువ పెట్టాలి. వేలితో నొక్కి చూస్తే తెలియదు, గేజ్‌తోనే చూడాలి. కార్ల విషయంలో అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క ప్రకారం అన్ని టైర్లలో సగటున ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే 0.2 శాతం మైలేజ్ పోతుంది. 10 పీఎస్‌ఐ తగ్గితే 2 శాతం.

2. బ్రేక్ పట్టేసిందా?

బండిని సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. చైన్ బరువు ఉంటుంది కాబట్టి కాస్త తిరిగి ఆగుతుంది. కానీ "గర్ గర్"మని రాపిడి చప్పుడు వచ్చి వెంటనే ఆగిపోతే బ్రేక్ షూ డ్రమ్ముకి రాసుకుంటున్నట్టే. ముందు చక్రం ఇంకా తేలిగ్గా తిరగాలి.

ఇంకో పరీక్ష. బ్రేక్ ఎక్కువ వాడకుండా ఓ ఐదు కిలోమీటర్లు వెళ్లి ఆపండి. చక్రం మధ్యలోని డ్రమ్ దగ్గరికి చెయ్యి జాగ్రత్తగా తీసుకెళ్లండి. సెగ కొడుతుంటే బ్రేక్ పట్టేసి ఉంది. వానాకాలంలో నీళ్లు, బురద చేరి బ్రేక్ క్యామ్ తుప్పు పట్టి వెనక్కి రాకపోవడం పాత బండ్లలో మామూలే. షూలు విప్పి శుభ్రం చేసి క్యామ్‌కి గ్రీజు పెడితే సరిపోతుంది. పెడల్ నొక్కగానే బ్రేక్ పడకుండా 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆట ఉండాలి.

3. చైన్

ఎండిపోయి తుప్పు పట్టిన చైన్, మరీ బిగించిన చైన్... రెండూ ఇంజన్ శక్తిని తినేస్తాయి. కింది చైన్‌ని మధ్యలో వేలితో పైకీ కిందకీ కదిపితే చాలా కమ్యూటర్ బైక్‌లకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు కదలాలి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. ఒక చోట వదులుగా, ఇంకో చోట బిగుతుగా ఉంటే చైన్ సెట్ అరిగిపోయినట్టు.

4. చోక్

కార్బొరేటర్ బండ్లలో పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేసి, మళ్లీ పూర్తిగా లోపలికి నెట్టడం మర్చిపోతుంటారు. కొన్నిసార్లు లివర్ వెనక్కి వచ్చినా కేబుల్ బిగుసుకుపోయి చోక్ సగం పడే ఉంటుంది. అప్పుడు గాలి తక్కువ, పెట్రోల్ ఎక్కువ. నల్ల పొగ, పెట్రోల్ వాసన వస్తుంటే ఇది చూడండి.

5. పెట్రోల్ కారుతోందా?

రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున్నే చూడండి. పెట్రోల్ ఆరిపోయినా మరక మిగులుతుంది. ట్యాంక్ కింద కాక్, పైపు, కార్బొరేటర్ కింద ఉండే సన్న ట్యూబ్ చివర తడి ఉందేమో చూడండి. ఆ ట్యూబ్ నుంచి చుక్కలు పడుతుంటే ఫ్లోట్ నీడిల్ అరిగి ఉండొచ్చు, లేదా దాంట్లో చెత్త ఇరుక్కుని ఉండొచ్చు. టార్చ్ లైట్‌తోనే చూడాలి. అగ్గిపుల్ల, లైటర్ దగ్గరికి కూడా తీసుకురావద్దు. లీకేజీ ఉన్న బండిని వంటింటి పక్కన పెట్టొద్దు.

మూడో మెట్టు: తక్కువ ఖర్చుతో మార్చుకునేవి

ఎయిర్ ఫిల్టర్: బండి పాతదా, కొత్తదా అన్న దాన్ని బట్టి ఇక్కడ లెక్క మారుతుంది. కార్బొరేటర్ బండిలో ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోల్ పాళ్లు పెరుగుతాయి, మైలేజ్ పడిపోతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో కంప్యూటర్ గాలికి తగ్గట్టే పెట్రోల్ తగ్గిస్తుంది కాబట్టి మైలేజ్ పెద్దగా మారదు, పికప్ మాత్రం తగ్గుతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో చేసిన పరీక్షల్లో ఇదే తేలింది. అక్కడి లెక్క ప్రకారం పాత కార్బొరేటర్ కార్లలో మూసుకుపోయిన ఫిల్టర్ మార్చితే 2 నుంచి 6 శాతం మైలేజ్ మెరుగవుతుంది.

మీ ఫిల్టర్ ఏ రకమో ముందు చూసుకోండి. స్పాంజ్ రకమైతే కడిగి, ఆరబెట్టి, మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్ పట్టించి మళ్లీ వాడొచ్చు. ఆయిల్ పూసిన కాగితం రకమైతే కడగొద్దు, గాలి కొట్టించొద్దు. పాడైతే మార్చాల్సిందే.

స్పార్క్ ప్లగ్: బండి ఓ పది కిలోమీటర్లు తిరిగాక ఆపి, ఇంజన్ చల్లారాక ప్లగ్ విప్పి దాని మూతి రంగు చూడండి.

- లేత గోధుమ రంగు: మిశ్రమం సరిగ్గా ఉంది.
- పొడి నల్ల మసి: పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది. ఫిల్టర్, చోక్, కార్బొరేటర్ చూడాలి.
- జిడ్డుగా, తడిగా నలుపు: ఇంజన్ ఆయిల్ పైకి వస్తోంది. రింగులు లేదా వాల్వ్ సీళ్ల మీద అనుమానం.
- తెల్లగా: మిశ్రమం పలచగా ఉంది, ఇంజన్ ఎక్కువ వేడెక్కుతోంది.

ఇంజన్ ఆయిల్: కంపెనీ చెప్పిన గ్రేడ్ కాకుండా చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్ దాన్ని తిప్పడానికే శక్తి ఖర్చు పెట్టాలి. 10డబ్ల్యూ-30 పోయాల్సిన బండికి 20డబ్ల్యూ-40 పోస్తే ఒకటి రెండు శాతం తేడా రావచ్చు. "పాత బండికి చిక్కటి ఆయిల్ మంచిది" అన్న మాటని అన్ని బండ్లకీ పాటించొద్దు.

నాలుగో మెట్టు: షెడ్డులో చూపించాల్సినవి

క్లచ్: టాప్ గేర్‌లో 40 స్పీడ్‌లో వెళ్తూ, ఖాళీ రోడ్డు మీద, కాస్త ఎత్తు ఎక్కేటప్పుడు ఆక్సిలరేటర్ తిప్పండి. ఇంజన్ శబ్దం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ముందు కేబుల్ చూడండి. లివర్ దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉంటుంది. కేబుల్ సెట్ చేసినా జారుతుంటే ప్లేట్లు మార్చాలి.

టాపెట్: వాల్వ్‌ల దగ్గర సందు తగ్గిపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ బయటికి పోతుంది. సందు ఎక్కువైతే "టక్ టక్" చప్పుడు వస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో సెట్ చేయాలి, చెవితో విని కాదు.

కార్బొరేటర్: శుభ్రం చేయడం మంచిదే. కానీ జెట్‌ని సన్న తీగతో గెలకడం వల్ల రంధ్రం పెద్దదైపోతుంది. ఇక ఎంత ట్యూన్ చేసినా మైలేజ్ రాదు. గాలి కొట్టి శుభ్రం చేయమనండి. మైలేజ్ కోసం మిశ్రమాన్ని మరీ పలచగా పెట్టించినా నష్టమే. బండి లాగదు, ఇంజన్ కాలిపోతుంది.

పొల్యూషన్ స్లిప్‌లో ఉన్న రహస్యం

పొల్యూషన్ సర్టిఫికెట్‌ని పోలీసులకి చూపించడానికే దాచుకుంటాం. కానీ దాని మీద ఉండే రెండు నంబర్లు పాత పెట్రోల్ బండికి మంచి రిపోర్టు లాంటివి.

సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువుంటే పెట్రోల్ పాళ్లు ఎక్కువ వెళ్తున్నట్టు. హెచ్‌సీ, అంటే హైడ్రోకార్బన్లు ఎక్కువుంటే పెట్రోల్ కాలకుండానే బయటికి పోతున్నట్టు. సీఓ ఎక్కువైతే ఫిల్టర్, చోక్, కార్బొరేటర్ చూడండి. సీఓ మామూలుగా ఉండి హెచ్‌సీ ఒక్కటే ఎక్కువైతే ప్లగ్, వాల్వ్, మిస్‌ఫైర్ చూడండి.

2000 మార్చి తర్వాత, బీఎస్-4 కంటే ముందు తయారైన ఫోర్ స్ట్రోక్ బైక్‌లకి ఐడ్లింగ్‌లో సీఓ 3.5 శాతం, హెచ్‌సీ 4,500 పీపీఎం దాటకూడదు. పాస్ అయినా సరే, నంబర్ ఆ హద్దుకి దగ్గరగా ఉంటే పెట్రోల్ వృథా అవుతున్నట్టే. సైలెన్సర్‌లో గొట్టం పెట్టి నిజంగా కొలిచి ఇవ్వమని అడగండి. పాత స్లిప్‌లు పారేయకుండా దాచుకుంటే ఏడాదికేడాది తేడా తెలుస్తుంది.

చివరి మెట్టు: ఇంజన్ విప్పాలా, వద్దా?

ఇక్కడిదాకా అన్నీ చూశాక కూడా మైలేజ్ రాకపోతే అప్పుడు ఇంజన్ లోపలి సంగతి. పొగ రంగు మొదటి సాక్ష్యం. నీలం పొగ వస్తుంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువ, దానికి ఇంజన్ విప్పక్కర్లేదు. చలి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చే తెల్లటి ఆవిరి గురించి కంగారు పడక్కర్లేదు.

రెండో సాక్ష్యం డిప్‌స్టిక్. వెయ్యి కిలోమీటర్లకి ఆయిల్ ఎంత తగ్గుతోందో చూడండి. బయట ఎక్కడా కారకుండా ఆయిల్ బాగా తగ్గిపోతుంటే అది లోపల కాలుతోందని అర్థం.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది కంప్రెషన్ టెస్ట్. ప్లగ్ రంధ్రంలో గేజ్ పెట్టి, ఆక్సిలరేటర్ పూర్తిగా తిప్పి కిక్ కొడితే రీడింగ్ వస్తుంది. తక్కువ వస్తే అదే రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ చూడాలి. రీడింగ్ బాగా పెరిగితే పిస్టన్ రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వ్‌ల దగ్గర లీకేజీ. ఒకటి బోరు పని, ఇంకోటి హెడ్ పని. రెండింటి ఖర్చు వేరు. ఈ పరీక్ష చేయకుండా "బోరుకొచ్చింది" అంటే అది అంచనా మాత్రమే.

షేర్ ఆటోలు, డీజిల్ బండ్లు

విజయనగరం, నెల్లిమర్ల, రామతీర్థం రూట్లో షేర్ ఆటో నడిపే వాళ్లకి మైలేజే ఆదాయం. డీజిల్ ఆటోల్లో ముందు చూడాల్సింది నల్ల పొగ. లోడ్ మీద నల్ల పొగ తన్నుతుంటే ఎయిర్ క్లీనర్ మూసుకుపోవడం, ఇంజెక్టర్ నాజిల్ అరగడం, పంపు టైమింగ్ తప్పడం... ఈ మూడింటిలో ఒకటి అయి ఉంటుంది. నాజిల్‌ని విప్పి టెస్టర్ మీద పెట్టి చూడాలి. డీజిల్ సన్నటి పొగమంచులా చిమ్మాలి, ధారగా కారకూడదు.

డీజిల్ ఫిల్టర్‌లో చేరిన నీళ్లు తీయించాలి. మూడు చక్రాలకీ గాలి సమానంగా చూసుకోవాలి. ఓవర్‌లోడ్ వల్ల ఆ ట్రిప్పులో డీజిల్ ఎక్కువ కాలడమే కాదు, క్లచ్, బ్రేక్, టైర్లు మూడూ త్వరగా అరిగి తర్వాతి ట్రిప్పుల మైలేజ్ కూడా పోతుంది.

పాత కారు ఉన్నవాళ్లకి

ఇంజెక్షన్ కారులో చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంటే ముందు అదే చూపించాలి. ఆక్సిజన్ సెన్సర్ పాడైతే కంప్యూటర్‌కి పెట్రోల్ ఎంత పంపాలో తెలియక ఎక్కువే పంపుతుంది. ఇలాంటి పెద్ద లోపం సరిచేస్తే కొన్ని కార్లలో మైలేజ్ 40 శాతం దాకా మెరుగుపడొచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. స్కానర్ పెట్టి కోడ్ చదివించి, ఆ కోడ్‌ని రాసి ఇవ్వమనండి.

టెంపరేచర్ ముల్లుని కూడా గమనించండి. అరగంట నడిపినా అది పైకి లేవకపోతే థర్మోస్టాట్ తెరిచే ఉండిపోయి ఉండొచ్చు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ ఇస్తూనే ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దిగుతోందో లేదో, చక్రాల అలైన్‌మెంట్ ఎలా ఉందో కూడా చూపించండి.

బంకు మీద అనుమానం ఉంటే?

బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలత పాత్ర ఉంటుంది. అనుమానం ఉంటే దాంట్లో పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది. 5 లీటర్లకి 25 మిల్లీలీటర్లకి మించి తేడా ఉండకూడదు. కల్తీ అనుమానం ఉంటే ఫిల్టర్ పేపర్ టెస్ట్ అడగొచ్చు. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. పంపు మీద సున్నా చూసుకుని, బిల్లు తీసుకోవడం అలవాటు చేసుకోండి.

నడిపే తీరు కూడా చూసుకోండి

బండి బాగానే ఉన్నా స్పీడ్ పెరిగితే పెట్రోల్ పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లు అవుతుంది. గంటకి 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య నడపమని ఇంధన పొదుపు సంస్థ పీసీఆర్‌ఏ ఎప్పటినుంచో చెబుతోంది. బ్రేక్ పెడల్ మీద కాలు పెట్టి నడపడం, క్లచ్ సగం పట్టుకుని వెళ్లడం మానేస్తే మైలేజ్ తేడా మీకే కనిపిస్తుంది.

మెకానిక్‌కి ఎలా చెప్పాలి?

"మైలేజ్ రావట్లేదు, చూడండన్నా" అంటే ఏదైనా మార్చొచ్చు. దానికి బదులు ఇలా చెప్పండి: "ఫుల్ ట్యాంక్ మీద మూడుసార్లు కొలిచాను, 42 వస్తోంది. ఆరు నెలల క్రితం 58 వచ్చేది. మీటర్ సరిగ్గానే ఉంది. గాలి, చైన్ చూసుకున్నాను. వెనక డ్రమ్ వేడెక్కుతోంది." ఇంత చెబితే పని తగ్గుతుంది, బిల్లూ తగ్గుతుంది.

ఒకేసారి అన్నీ మార్పించొద్దు. ఒక పని చేయించి, మళ్లీ ఒక ఫుల్ ట్యాంక్ కొలవండి. అప్పుడే ఏది పనిచేసిందో తెలుస్తుంది. తీసేసిన పాత సామాను చూపించమని అడగండి. తేదీ, కిలోమీటర్లు, పోయించిన లీటర్లు, చేయించిన పని... ఈ నాలుగూ ఫోన్‌లోనే రాసిపెట్టుకోండి. ఈసారి మైలేజ్ తగ్గితే ఎప్పటి నుంచి తగ్గిందో, దానికి ముందు ఏం మార్చారో ఆ నోట్‌లోనే దొరుకుతుంది.